నీలం ప్లేటు బండి, కుడి పక్క మనిషి

పోలీసు శాఖలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికొచ్చి పలకరించి పోతుంటారు. కాఫీ తాగాక అందరూ ఒకటే అడుగుతారు, "సార్, మీ సర్వీసులో పెద్ద కేసు ఏది?" అని. హత్యలో, దోపిడీలో చెబుతానని వాళ్ళ ఆశ. నేను ఒక రోడ్డు యాక్సిడెంటు కేసు చెబుతాను. అందులో ఎవరినీ అరెస్టు చేయలేదు. మనిషి చావలేదు. వాళ్ళ మొహాలు కాస్త వాడిపోతాయి. అయినా చెప్పడం మానను.

తొంభైల నడిమి సంగతి. పుంగనూరు పక్క ఒక చిన్న స్టేషనుకు నేను ఎస్సైని. ఆ రోజుల్లో నంబరు ప్లేట్లు ఇప్పటిలా ఉండేవి కావు. సొంత బండికి నల్ల ప్లేటు మీద తెల్లక్షరాలు, బాడుగ బండికి తెల్ల ప్లేటు మీద నల్లక్షరాలు. బాణం గుర్తుంటే మిలిటరీ. ఇవి తెలిస్తే మా రోడ్ల మీద ఉద్యోగం జరిగిపోయేది. ట్రైనింగులో మాకు నీలం ప్లేటు గురించి కూడా చెప్పారు. విదేశాల దౌత్య కార్యాలయాల బండ్లు అవి, వాటిని సోదా చేయకూడదు, అందులోని అధికారులను మామూలుగా అరెస్టు చేయకూడదు అని చెప్పి, "ఇవి మీ దాకా రావులే" అని మా ఇన్‌స్ట్రక్టరు నవ్వేసి తర్వాతి పాఠానికి పోయాడు. మేమూ నవ్వాం.

ఆ రోజు పొద్దున్నే టమాటా ఖాళీ చేసి తిరిగొస్తున్న లారీ ఒకటి స్టేషను ముందర ఆగింది. డ్రైవరు దిగకుండానే అరిచాడు.

"సార్, మదనపల్లె రోడ్డులో మలుపు కాడ కారు మనిషిని గుద్దింది. పాలవ్యానులో ఏసి ఆస్పత్రికి పంపించినారు. జనం ఉండారు సూడండి, కారును కాల్చేటట్టుండారు!"

నేనూ, మా హెడ్ కానిస్టేబులూ, ఇంకో ఇద్దరూ జీపెక్కాం. హెడ్డు నాకంటే చాలా పెద్దవాడు, రిటైర్మెంటుకు దగ్గరపడ్డ మనిషి. సెల్యూటు కొట్టి మరీ నాకు బుద్ధి చెప్పేంత చనువు ఆయనకుండేది.

మలుపు తిరగ్గానే రోడ్డంతా ఎర్రగా కనబడింది. నెత్తురే అనుకున్నాను. దగ్గరికి పోతే టమాటాలు. పగిలిన బాక్సులు, చితికిన కాయలు, పక్కన కంపలో పడి ఉన్న టీవీఎస్ మోపెడు. టమాటాల నడుమ నిజమైన నెత్తురు కూడా ఉంది. దాన్ని ఎవరో మట్టి చల్లి కప్పారు.

కారు పెద్దది, ఊదా రంగుది, మన దేశంలో తయారైంది కాదు. దానికి వీపు ఆనించి ఒక తెల్లామె నిలబడుంది, నలభై ఏళ్ళుంటాయి. నుదురు బొప్పి కట్టింది. ఆమె ముందు మన మనిషి ఒకాయన రెండు చేతులూ చాపి అడ్డంగా నిలబడ్డాడు. చొక్కా చినిగిపోయింది, పెదవి చిట్లింది.

"నేనే తోలినా! కొడితే నన్ను కొట్టండి! ఆయమ్మ జోలికి పోవద్దండి!" అని అరుస్తున్నాడు.

మేం లాఠీలతో నడుమ చొరబడి జనాన్ని నాలుగడుగులు వెనక్కి నెట్టాం. హెడ్డు ప్లేటు దగ్గర వంగి చూసి నా దగ్గరికొచ్చాడు.

"సార్, ఇదేం ప్లేటు? నీలంగా ఉండాది. ముందర అంకెలు, నడుమ సీసీ, మళ్ళా అంకెలు. రాష్ట్రమే లేదు."

నాకు ఇన్‌స్ట్రక్టరు నవ్వు గుర్తొచ్చింది. అయినా అలవాటు అంత తొందరగా పోదు. "తాళాలు తీసుకో" అన్నాను. హెడ్డు చేయి చాపేలోగా ఆ డ్రైవరు అడ్డొచ్చాడు.

"సార్, నన్ను తీసుకపోండి. బండిలో మాత్రం చేయి పెట్టొద్దండి. మద్రాసులో ఉండే కాన్సులేటు బండి ఇది. ఆయమ్మ ఆడ ఆఫీసరు. మీకే ఇబ్బంది అవుతాది."

మాట మా పక్క మాటే. ఊరేదంటే కుప్పం పక్క పల్లె అన్నాడు. మద్రాసులో ఉద్యోగం. సెలవులని ఆమె హార్స్లీకొండకు పోతుంటే వెంట వచ్చాడు.

గుద్దుడు తిన్నది దగ్గర పల్లె రైతు. టమాటా బాక్సులు మోపెడు మీద కట్టుకుని మదనపల్లె యార్డుకు పోతున్నాడు. మలుపులో వెనకనుంచి కారు తగిలింది. చూసినవాళ్ళెవరని అడిగితే గొర్రెలు మేపే పెద్దాయన ముందుకొచ్చాడు.

"కండ్లారా సూసినా సామీ. బండి నా ముందరే పోయె. కుడి పక్క ఈ మనిషే కూసోనుండె. దొరసాని ఎడం పక్క ఉండె. తోలింది ఈడే, ప్రమాణం సేయమన్నా సేస్తా."

హెడ్డు రాసుకున్నాడు. సాక్షి ఉన్నాడు, ముద్దాయి తనే ఒప్పుకుంటున్నాడు. ఇంత సులువైన కేసు ఆ ఏడాదిలో రాలేదనుకున్నాను. బండిని స్టేషనుకు తీసుకురమ్మని డ్రైవరుకు చెప్పాను. ఆమెను వెనక సీట్లో కూర్చోబెట్టి, అతను ఎడమ వైపు తలుపు తీసి కూర్చుని బండి స్టార్టు చేశాడు.

స్టీరింగు ఎడమ పక్క ఉంది.

హెడ్డు నా వైపు చూశాడు. నేను హెడ్డు వైపు చూశాను. జనమూ ఆ బండిని చూస్తూనే ఉన్నారు. కానీ కోపంలో ఉన్నవాడికి బండి కనిపిస్తుంది, స్టీరింగు కనిపించదు. పెద్దాయన అబద్ధం చెప్పలేదు. కుడి పక్క కూర్చున్నవాడే బండి తోలుతాడని పుట్టినప్పటినుంచీ చూసిందే చెప్పాడు. విదేశంనుంచి తెచ్చిన బండ్లలో స్టీరింగు ఎడమకు ఉంటుందని ఆయనకెవరు చెప్పాలి? కుడి పక్క ఈ మనిషి ఉంటే, తోలింది ఎడమ పక్కనున్న ఆమె.

జీపులో హెడ్డు నెమ్మదిగా అన్నాడు. "సార్, సూసినారు కదా."

"చూసినా."

"సూడలేదనుకుంటే ఈ పొద్దుతో అయిపోతాది."

"అనుకుందామా?"

"మీ ఇష్టం. నేను ఇంటికి పోయేవాణ్ణి. మీకు ఇంకా శానా సర్వీసుండాది."

మా వెనకాలే రెండు ట్రాక్టర్ల నిండా జనం వచ్చారు. స్టేషను ముందర ఎండలో కూర్చున్నారు. వాళ్ళ ముందర ఆ రైతు భార్య, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. చేలో ఉన్న మనిషిని ఎవరో పిలుచుకొచ్చినట్టున్నారు. కాళ్ళకు ఇంకా బురద ఉంది. మదనపల్లె ఆస్పత్రికి ఫోను కలపమని ఒక కానిస్టేబుల్ని కూర్చోబెట్టాను. లైను దొరకలేదు. జనం గంటకింతమంది పెరుగుతున్నారు. "మనిషి పోయినాడంట" అని ఒకసారి, "లేదు, ఊపిరుంది" అని ఒకసారి పుకారు లేచేది. పోయాడన్నప్పుడల్లా గేటు దగ్గర తోపులాట. ఒక రాయి వచ్చి కారు వెనక అద్దానికి తగిలి నెర్రె వచ్చింది. నా దగ్గరున్నది ఐదుగురు మనుషులు. రెండు తుపాకులు, వాటిని బయటికి తీస్తే ఏమవుతుందో తెలిసినవాణ్ణి కాబట్టి తీయలేదు.

డ్రైవరును వెనక గదిలోకి పిలిచాను.

"కుడి పక్క కూర్చున్నది నువ్వే."

"పెద్దాయన పొరపాటు సార్."

"పెద్దాయన కండ్లు బాగుండాయి. ఆయనకు తెలీనిది మీ బండి గురించే."

అతను గోడకు ఆనుకున్నాడు. తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు.

"నన్నే రాసుకోండి సార్. నాకేమైతాది? ఇయ్యాళ గాకపోతే రేపు బెయిలు దొరకతాది. ఆయమ్మ అని తెలిస్తే ఈ జనం ఊరకుంటారా?"

"ఆమె చెప్పమనిందా నిన్ను?"

"ఆయమ్మకు తెలుగు రాదు సార్. నేనేం చెప్పినానో కూడా తెలీదు."

ఆ మాటతో నా పని పదింతలు బరువెక్కింది. అంతదాకా ఆమె తన తప్పును పనివాడి మీదికి నెట్టిందనే నేను లోలోపల మండిపడుతున్నాను. ఆమెకు అసలు సంగతే తెలియదు. తన మనిషి జరిగింది జరిగినట్టు చెబుతున్నాడనుకుంటూ ముందుగదిలో కూర్చునుంది. వచ్చినప్పటినుంచీ ఒకటే ప్రశ్న, "ఆయన బతికే ఉన్నాడా?"

అబద్ధం రాస్తే కేసుకు ముద్దాయి దొరుకుతాడు, జనానికి మనిషి దొరుకుతాడు, పైవాళ్ళకు నిద్ర దొరుకుతుంది. నిజం రాస్తే ఎవరికీ ఏమీ దొరకదు. ఆమెను లోపలెయ్యలేను. లోపలెయ్యలేనని గేటు బయట ఉన్నవాళ్ళకు చెప్పాలి. ఈ మాట అనుకుంటుండగానే పైనుంచి ఫోను వచ్చింది. ఎంత పైనుంచో చెప్పను. నేను కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడానని చెబితే చాలు.

"డ్రైవరు ఒప్పుకున్నాడట కదా. కేసు కట్టు. ఆమెను మర్యాదగా సాగనంపు."

"సార్, స్టీరింగు ఎడమ పక్క ఉంది సార్. సాక్షి..."

"స్టీరింగు యాడుంటే నీకెందుకయ్యా? ఒప్పుకున్నవాణ్ణి వద్దంటావా?"

ఆయన చెడ్డవాడు కాదు. ఢిల్లీనుంచి ఏ ప్రశ్న వస్తుందోనని ఆయన భయం ఆయనది. "చూస్తాను సార్" అన్నాను. మా శాఖలో ఆ మాటకు అవును అని అర్థం, కాదు అని కూడా అర్థం.

ముందుగదిలోకి పోయి ఆమె ఎదురుగా కూర్చున్నాను. డ్రైవరును కూడా పిలిపించాను. నాది తెలుగు మీడియం డిగ్రీ. ఒక్కో మాటా వెతుక్కుని ఇంగ్లీషులో చెప్పాను.

"మేడం, బండి తనే నడిపానని మీ డ్రైవరు చెప్పాడు. మేం అలాగే రాయబోతున్నాం. రాస్తే అతను జైలుకు పోతాడు."

ఆమె నా మొహం చూసింది. తర్వాత డ్రైవరు వైపు తిరిగి, "నువ్వు అలా చెప్పావా?" అంది. అతను నేల చూశాడు.

"మీరు నాకు జవాబు చెప్పనక్కర్లేదు. నేను మిమ్మల్ని అడగకూడదు కూడా" అన్నాను. అది నిజం. అంతకుముందే వాళ్ళ కాన్సులేటునుంచి ఆమెకు వచ్చిన ఫోనులో నోరు విప్పొద్దనే చెప్పారని తర్వాత తెలిసింది.

బయట ఎవరో గేటును తన్నిన చప్పుడు. ఆమె ఉలిక్కిపడి కిటికీ వైపు చూసింది. నీళ్ళు అడిగింది. గ్లాసు అందుకుంది గానీ తాగలేదు.

"అతను నా పక్కన కూర్చున్నాడు. నడిపింది నేను. మలుపులో నేనే చూసుకోలేదు. అలాగే రాయండి."

డ్రైవరు తల అడ్డంగా ఊపుతూ తమిళంలో ఏదో బతిమాలాడు. ఆమెకు కొంచెం తమిళం వచ్చునట. వినిపించుకోలేదు. ఆమె చెప్పింది చెప్పినట్టు హెడ్డు రాశాడు. ఆయన పెన్ను ఎక్కడా ఆగలేదు.

ఇక నేను మెట్ల మీదికి పోవాలి.

నా సర్వీసులో దొంగల వెంట చీకట్లో పరిగెత్తాను. కత్తి పట్టుకున్నవాడి చేయి పట్టుకున్నాను. ఆ మెట్లు దిగడం మాత్రం వాటన్నిటికంటే కష్టమైంది. మాటలు గుండ్రంగా తిప్పి చెప్పొచ్చు. అలా చెబితే సగంలోనే రాళ్ళు పడతాయనిపించింది.

"బండి తోలింది డ్రైవరు కాదు. ఆమె. తనే చెప్పింది. వేరే దేశం ఆఫీసరు కాబట్టి ఆమెను అరెస్టు చేసే అధికారం నాకు లేదు. కేసు రాసినాను, పైకి పంపుతాను. నష్టపరిహారం వాళ్ళు కట్టాల్సిందే. ఇంతకుమించి నేను చేయగలిగింది లేదు."

జనం ఒకేసారి లేచారు.

"దొరసానికో న్యాయం, మాకో న్యాయమా?"

"ఆయమ్మను బయటికి పంపు, మేం సూసుకుంటాం!"

గేటు గడియ వంగిపోతోంది. నా మనుషులు భుజాలు ఆనించి పట్టుకున్నారు. హెడ్డు నా పక్కకొచ్చి నిలబడ్డాడు. ఆయన చేతిలో లాఠీ కూడా లేదు.

అప్పుడు ఆ రైతు భార్య లేచింది. అంతసేపూ ఆమె నోరు తెరవలేదు. లేచి జనం వైపు తిరిగింది.

"అప్పా, కొంచెం నిలపండి మీ అరుపులు!" అంది. మగవాళ్ళు తగ్గారు. ఆమె నా వైపు తిరిగింది.

"సామీ, ఆయన యాడుండాడు?"

"మదనపల్లె ఆస్పత్రిలో అమ్మా."

"మరి నన్ను యాల ఎవురూ ఆడికి తీసుకపోలా? పొద్దున్నించీ ఈడ కూసోబెట్టినారు. బతికినాడంటారు, పోయినాడంటారు. మీ కేసు మీరు కట్టుకోండి, మీ కొట్లాట మీరు కొట్లాడుకోండి. నన్ను నా మొగుడి కాడికి పంపండప్పా!"

ఆమె అక్కడే ఏడ్చేసింది. ట్రాక్టర్లలో వచ్చిన అంతమందికీ, తుపాకులున్న మాకూ, ఫోనులో పైవాళ్ళకూ ఎవరికీ ఆ సంగతి తోచలేదు. జనంలో కొందరు తలలు వంచుకున్నారు.

నా వెనక తలుపు తెరుచుకుంది. వద్దని కానిస్టేబులు చెబుతున్నా వినకుండా తెల్లామె మెట్ల మీదికొచ్చింది. పక్కన డ్రైవరు. ఆ ఏడుపులో ఏముందో అతను ఆమెకు చెప్పాడు. ఆమె మెట్లు దిగి గేటు దాకా పోయింది. ఇద్దరు ఆడవాళ్ళ మధ్య ఇనుప కడ్డీలు మాత్రమే ఉన్నాయి. నేను ఒక్కడుగు వెనక నిలబడ్డాను.

"నువ్వేనా తోలింది?" అంది రైతు భార్య.

డ్రైవరు ఆ మాటను ఇంగ్లీషులోకి మార్చడానికి వెనకాడాడు. తెల్లామె అతని వైపు చూసింది. చెప్పాడు. ఆమె తలూపింది.

రైతు భార్య ఆమెను కిందినుంచి పైకి చూసింది. క్షమించినట్టు లేదు, తిట్టబోతున్నట్టూ లేదు.

"అయితే నువ్వూ రా. ఆయన యెట్లుండాడో నీ కండ్లతో సూడు."

గేటు తెరిపించాను. తెరవడం తెలివైన పనో కాదో ఆలోచించే వ్యవధి లేదు. ఇద్దరూ ఆ కారు వెనక సీట్లో ఎక్కారు, ఆ చివరొకరు, ఈ చివరొకరు. డ్రైవరు బండి కదిలించాడు. నేనూ హెడ్డూ ముందు జీపులో. జనం కారు బానెట్టు మీద చేతులు పెట్టి కదలకుండా నిలబడ్డారు. రైతు భార్య అద్దం దించి, "ఇడవండప్పా" అంది, అంతే. చేతులు ఒక్కొక్కటే తొలిగాయి. దారి ఇచ్చారు.

మదనపల్లె చేరేసరికి పొద్దు వాలుతోంది. రైతు పోయాడని చెబితే తిరుగు దారిలో ఏం జరుగుతుందో నాకు తెలుసు. రైతు మంచం మీద ఉన్నాడు, కాలు తొడ దాకా కట్టేసి, మొహం వాచిపోయి. భార్యను చూసి కళ్ళు తెరిచాడు.

"టమాటా యార్డుకు ఏసినారా?" అన్నాడు.

ఆమె నవ్విందో ఏడ్చిందో చెప్పలేను. మంచం పట్టె మీద కూలబడింది. తెల్లామె గుమ్మంలోనే నిలబడి రెండు చేతులతో మొహం కప్పుకుంది. హెడ్డు బయటికి పోయి బీడీ వెలిగించాడు. నాకు కనబడేటట్టు ఎన్నడూ వెలిగించని మనిషి.

రైతు బతికాడు. కాలు మాత్రం మునుపటిలా కాలేదు, కుంటుతూనే సేద్యం చేశాడు. వాళ్ళ ఆఫీసు నష్టపరిహారం ఇచ్చిందని, రావడానికి చాలా కాలం పట్టిందని విన్నాను. ఆమెను వాళ్ళ దేశం వెనక్కి పిలిపించుకుంది. నాకు, పై అధికారి సూచన పాటించనందుకు వివరణ ఇవ్వమని మెమో వచ్చింది. ఇచ్చాను. తర్వాత బదిలీ. దానివల్లేనా అంటే చెప్పలేను. మా శాఖలో బదిలీకి కారణం అడిగినవాడు నాకు తెలిసి ఎవడూ లేడు.

రెండువేలు దాటాక ఇన్‌స్పెక్టరుగా కుప్పం వచ్చాను. ఒక మధ్యాహ్నం గ్రానైటు లారీలు ఆపి బరువు చూస్తుంటే, ఒక లారీలోంచి దిగిన డ్రైవరు నన్ను చూసి నిలబడిపోయాడు. జుట్టు నెరిసింది. పెదవి మీద పాత మచ్చ ఉంది. రోడ్డు పక్క అంగడిలో టీ తాగాం. సంతోషంగా పలకరిస్తాడనుకున్నాను. గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

"ఉద్యోగం పోయింది సార్. పోలీసులకు అబద్ధం చెప్పినవాణ్ణి పెట్టుకోలేమన్నారు. ఆ పొద్దు మీరు నా మాట రాసుకునుంటే, పది దినాల్లో బయటికొచ్చి మళ్ళా మద్రాసులో ఉండేవాణ్ణి."

"రైతు చచ్చిపోయింటే?"

అతను టీ ఊదుకుని ఒక గుక్క తాగాడు. నేను వాదించలేదు. నేను చేసింది సరైందేనని ఇప్పటికీ అనుకుంటాను. ఆ సరైనదాని బాడుగ కట్టింది నేను కాదు, అతను. అది కూడా మీకు చెప్పాలి.

లేవబోతూ అడిగాను. "ఆమె చెప్పమనలేదు. జనం మీదికొస్తున్నారు. నీ కాళ్ళు నీకున్నాయి, పారిపోవచ్చు. ఎందుకు చెప్పినావు నేనే తోలినానని?"

"ఆయమ్మ కూడా పోయే ముందర ఇదే అడిగింది సార్. నాకు ఇంగ్లీషులో చెప్పను రాలేదు."

"తెలుగులో చెప్పు."

గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు.

"గుద్దినంక బండి నిలిచిపోయింది. ఆయమ్మ స్టీరింగు ఇడవలేదు సార్. చేతులు అట్ల బిగుసుకుపోయినాయి. నేను కిందికి దిగి, ఆ పక్కకు పోయి, వేళ్ళు ఒకటొకటే ఇడిపించినా. అప్పుడే జనం పరిగెత్తుకొచ్చినారు, ఎవురు ఎవురు అని. ఆ వేళ్ళు ఇంకా నా చేతుల్లోనే ఉండె. ఈయమ్మే అని యెట్ల సూపించేది?"

టీ గ్లాసు బల్ల మీద పెట్టి, తువ్వాలు భుజాన వేసుకుని, లారీ ఎక్కాడు.